జపాన్ నుంచి వాపస్ వచ్చిన చెత్త

మోచేతి దాకా

ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో ఇరవై ఆరేళ్లు పత్తి గ్రేడర్‌గా పనిచేశాను. ఛాతీలో దూది ధూళి పేరుకుందని డాక్టరు గట్టిగా చెబితే యాభై మూడో ఏట మానేశాను. అప్పటి నుంచి ఈ పనిలో కొత్తగా చేరిన ఆడపిల్లలు వెతుక్కుంటూ మా ఇంటికి వస్తున్నారు. తేమ ఎంత ఉంటే లారీ వెనక్కి పంపాలి, పోగు పొడవు చేత్తో ఎట్లా చూడాలి అని అడుగుతారు. తేమ మీటరు చెబుతుంది తల్లీ. పోగు పొడవు నెల రోజులు చూస్తే నీ బొటనవేళ్లే చెబుతాయి. దానికి నా దాకా రానక్కర లేదు. మీటరు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను.

కరీంనగర్‌లో బీఎస్సీ చదివి, పెళ్లయి ఆదిలాబాద్ వచ్చి, మిల్లులో చేరిన కొత్తలో నాకు పని నేర్పింది రాజన్న సారు. అప్పటి పెద్ద గ్రేడరు. మాటకు ముందొక దగ్గు, మాట తర్వాతొక దగ్గు. మొదటి రోజు పత్తి కుప్ప ముందు నిలబెట్టి "చెయ్యి పెట్టు" అన్నాడు. మునివేళ్లతో పైపైన తడిమాను.

"గట్ల కాదు బిడ్డా. మోచేతి దాక పెట్టు. పైనున్నది నీకు చూపెట్టేతందుకు పెట్టింది. లోపటున్నదే నీకు అమ్మేది."

ఆ రెండు ముక్కలతోనే ఇరవై ఆరేళ్లు బతికాను. పైన తెల్లగా మెరిసే పత్తి, లోపల నీళ్లు చల్లిన పత్తి. పైన ఈ ఏటిది, లోపల నిరుటిది. చెయ్యి పెట్టగానే తెలిసిపోయేది. దళారులు మొత్తుకునేవాళ్లు, నేను అంతకంటే ఎక్కువ మొత్తుకునేదాన్ని. "మోచేతి మేడం వచ్చింది" అని యార్డులో వెనక నుంచి అనేవాళ్లు, నాకు వినపడాలనే. నాకది బిరుదులాగే ఉండేది.

అయితే రైతు మీద మాత్రం నోరు చేసుకోకండి. తడి పత్తి తెచ్చిన ప్రతి రైతూ మోసగాడు కాదు, చాలాసార్లు ఆరబెట్టుకోవడానికి చోటు లేనివాడు. ఈ తేడా తెలియడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో నేను అన్న మాటలు కొన్ని ఇప్పటికీ నాకే వినబడుతుంటాయి.

నోరుందని పంపారు

మా మిల్లు నుంచి జపాన్‌కు కొంత పత్తి పోయేది. తువ్వాళ్లు నేసేవాళ్లకు నూలు వడికి ఇచ్చే ఒక చిన్న మిల్లు అక్కడ తీసుకునేది. వాళ్లకు పోయే పత్తిని గింజ తీసే జిన్నులో వెయ్యకముందే నలభై మంది ఆడవాళ్లు కుప్పల చుట్టూ కూర్చొని చేత్తో ఏరేవాళ్లు. ఆకు, పుల్ల, సుతిలి తాడు ముక్క, వెంట్రుక, యూరియా సంచి పోగు, ఏది కనబడితే అది. మిగతా మాలుకు అంత ఏరుడు అక్కర్లేదు, యంత్రం దులిపితే చాలు. అంటే జపాన్ ఆర్డరు ఉంటేనే ఆ నలభై మందికి పని. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

ఆ లైనుకు పెద్ద గంగుబాయి. వయసులో నాకంటే పెద్ద, నోట్లో నాకు సమానం. సగం తెలుగు, సగం మరాఠీ, తిట్లు మాత్రం రెంట్లోనూ పూర్తిగా వచ్చు.

ఒక ఏడాది ఆ జపాన్ మిల్లు నుంచి ఉత్తరం వచ్చింది. తువ్వాళ్ల మీద మచ్చలు పడుతున్నాయి, రంగు పట్టని తెల్ల గీతలు వస్తున్నాయి, పత్తిలో ఏవో కలుస్తున్నట్టుంది, దయచేసి చూడగలరా అని. అంత మర్యాదగా రాస్తే మనవాళ్లకు ఎక్కదు. మా సేట్ చదివి, "తిట్టలే గదా, ఫికర్ లేదు" అని పక్కన పెట్టేశాడు. రెండో ఉత్తరం కూడా అంతే మర్యాదగా వచ్చింది. ఇట్లాగే ఉంటే వచ్చే సీజను నుంచి మీ పత్తి తీసుకోవడం మాకు కష్టమవుతుంది, ఒక్కసారి మీ మనిషిని పంపి మాట్లాడితే బాగుంటుంది అని. అప్పుడు సేట్‌కు చెమటలు పట్టాయి.

"నా కొడుకును పంపుతే ఆడ కూసోని తల ఊపి వస్తడు. మీరు పోండ్రి మేడం. మీ నోటికి భయపడి గీ దళారులే తొవ్వ మారుస్తరు, జపానోళ్లెంత? గా చెత్త మాది కాదు, మహారాష్ట్ర మాలు, గుజరాత్ మాలు గూడ కొంటరు గదా, గా మాల్ల నుంచి వచ్చుంటదని గట్టిగ చెప్పి రాండ్రి."

పంపింది నా చదువు చూసి కాదు, నా నోరు చూసి. నేనూ కాదనలేదు. కొత్త సీజను బేళ్ల నుంచి శాంపిళ్లు తీసి కట్టుకున్నాను. ఎట్లా తీశానో తర్వాత చెబుతాను.

మెట్‌పల్లిలో ఉన్న మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఫోన్ చేసి చెప్పాను. మా తమ్ముడు దుబాయిలో ఉంటాడు కనుక ఆమెకు పరాయి దేశమంటే దుబాయే.

"జపానా? గది దుబాయి ఇవతలనా, అవతలనా?"

"అవతల అవ్వా. శాన దూరం."

"అయితే బంగారం ఇంకింత చవుకుంటదేమో జర చూడు. ఎవలింటికన్న ఒట్టి చేతులతోని పోతరా? సకినాలు చేసి పంపుత."

చెప్పినట్టే ఒక పెద్ద డబ్బా నిండా పంపింది.

గాలితో మాట్లాడే మనిషి

ఒసాకాలో దిగాక నన్ను కలిసింది మేఘన అనే అమ్మాయి. పుణె పిల్ల, అక్కడ జపాన్ భాష చదివి దుబాసీ పని చేస్తోంది. ఆదిలాబాద్‌లో ఇన్నేళ్లు ఉన్న పుణ్యానికి నాకు మరాఠీ బాగా వచ్చు. నేను మరాఠీలో చెబితే ఆమె వాళ్ల భాషలో చెప్పేది. నన్ను కాకూ అనేది, మన పిన్నీ అన్నట్టు. మా మిల్లు గురించి నేను జపాన్‌లో మాట్లాడిందంతా మరాఠీలోనే అంటే ఎవరూ నమ్మరు.

ఆ చిన్న ఊరికి రెండు గంటల రైలు ప్రయాణం. ఎక్కిన దగ్గర్నుంచి నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఒక స్టేషను దాటాక తెలిసింది, పెట్టె మొత్తంలో వినిపిస్తున్నది నా గొంతొక్కటే. ఎదుట కూర్చున్న ముసలావిడ నా వైపు చూసి కొంచెం తల వంచి, మళ్లీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. గట్టిగా ఏమైనా అంటే నేనూ గట్టిగా జవాబు చెప్పేదాన్ని. ఏమీ అనని మనిషితో ఏం కొట్లాడతాం? ఇరవై ఆరేళ్లలో నా నోరు మూయించింది ఆ ముసలావిడ ఒక్కతే, అదీ నోరు తెరవకుండా.

అంత నిశ్శబ్దమైన దేశంలో ఒక్క మనిషి మాత్రం గట్టిగా మాట్లాడుతున్నాడు. రైలు గార్డు. ఆగిన ప్రతి చోటా దిగి, తెల్ల తొడుగు వేసుకున్న చేత్తో ఖాళీ ప్లాట్‌ఫాం వైపు వేలు చూపించి, ఏదో గట్టిగా అని, మళ్లీ ఎక్కుతున్నాడు. అక్కడ పురుగు కూడా లేదు.

"ఎవరితో మాట్లాడుతున్నాడు?" అని అడిగాను.

"తనతోనే కాకూ. ప్లాట్‌ఫాం మీద ఎవరూ లేరు, తలుపులు మూసుకున్నాయి అని చూసి, వేలితో చూపి, నోటితో అనాలి. కన్ను ఒక్కటే అయితే మోసపోతుంది, మూడూ కలిస్తే పొరపాటు జరగదని వీళ్ల నమ్మకం."

మా దగ్గర డ్యూటీలో ఎవరైనా ఇట్లా చేస్తే ఇంట్లోవాళ్లను పిలిపిస్తారన్నాను. మేఘన నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకొని, చప్పుడు రాకుండా. ఆ పిల్ల కూడా సగం అక్కడి మనిషి అయిపోయింది.

గుమ్మంలో గోడ

మన మిల్లుల్లో గుమ్మం దగ్గర ఏముంటాయి? పెద్దాయన ఫోటో, దానికో దండ, గోడ నిండా సర్టిఫికెట్లు. చెడిపోయిన మాలు వెనక షెడ్డులో టార్పాలిన్ కింద. చుట్టం వస్తే చిరిగిన చాప మడిచి లోపల పెడతాం కదా, అదే పద్ధతి.

ఆ మిల్లు గుమ్మంలో గోడకు చెడిపోయిన నూలు వేలాడుతోంది. తెగిన నూలు, నూనె మరకల నూలు, ముడులు పడ్డ నూలు. కింద చిన్న చీటీలు, ఎక్కడ తప్పు జరిగింది, ఎట్లా జరిగింది, ఇప్పుడు ఏం మార్చాం. చేసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. వచ్చిన ప్రతి అతిథీ దాని ముందు నుంచే లోపలికి పోవాలి. మేఘన చదివి చెబుతుంటే నేను ముందు వీళ్లకు సిగ్గు లేదేమో అనుకున్నాను. నాలుగడుగులు వేశాక, సిగ్గు లేనిది వీళ్లకు కాదేమో అనిపించింది.

అన్నీ మెచ్చుకోను. సమావేశం గదిలో బల్ల చుట్టూ ఆరుగురు మగవాళ్లు, చాయ్ తెచ్చింది ఇద్దరు ఆడవాళ్లు. "ఇక్కడ కూడా ఆడవాళ్లు చాయ్ ఇచ్చే దగ్గరేనా, అడుగు" అన్నాను. మేఘన అడగలేదు, గొంతు సవరించుకుంది. తలుపు దగ్గర చివరి కుర్చీలో ఒకావిడ ఒళ్లో అట్టపెట్టె పెట్టుకొని కూర్చుంది. అరవై ఏళ్లు దాటి ఉంటాయి. ఆమె మోరి-సాన్. సాన్ అంటే మన గారు. ఆ మిల్లులో వచ్చిన పత్తిని చూసేది ఆమేనట, నాకంటే ఎక్కువ ఏళ్లుగా. మరి అసలు మనిషిని తలుపు దగ్గరెందుకు కూర్చోబెట్టారని ఈసారి నేనే వేలితో కుర్చీ చూపించి సైగ చేశాను. మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, జరిగి, నా ఎదుట ఆమెకు చోటిచ్చారు. ఆమె పెట్టెతో సహా వచ్చి కూర్చుంది. ఈ ఒక్క వాదన అక్కడ గెలిచాను, ఆఖరిది కూడా అదే.

సకినాల డబ్బా రెండు చేతులతో ఇచ్చాను. రెండు చేతులతో తీసుకొని పక్కన పెట్టారు. ఇచ్చిన మనిషి ముందు తెరవడం వాళ్లకు మర్యాద కాదట. మా దగ్గర తెరవకపోతేనే అమర్యాద అన్నాను. మోరి-సాన్ తెరిచి, ఒక సకినం వెలుతురుకు పట్టి, చుట్టు చుట్టూ చూసి, ఇది ఏ యంత్రం మీద చేస్తారని అడిగింది. యంత్రం కాదు, మా అవ్వ చెయ్యి అని వేళ్లతో పిండి తిప్పి చూపించాను. ఆరుగురు మగవాళ్లూ మోరి-సానూ గాల్లో వేళ్లు తిప్పారు. ఒక్కరికీ రాలేదు. ఎనభై ఏళ్ల మా అవ్వ దగ్గర పడి ఉన్న విద్యను ఆ గదిలో అంత శ్రద్ధగా చూస్తుంటే నాకు గర్వంగానే ఉంది.

అప్పుడు మోరి-సాన్ పై వరస రెండు చేతులతో ఎత్తి కింద చూసింది. కింద అన్నీ ముక్కలు. విమానంలో విరిగాయి. పొద్దున హోటల్ గదిలో కూర్చొని నేనే సర్దాను, నిండువి పైకి, విరిగినవి కిందికి. ఎవరైనా అంతే సర్దుతారు కదా. ఆమె విరిగిన ముక్క తాను తీసుకొని, నిండుది తీసి నాకిచ్చింది.

మోరి-సాన్ పెట్టె

తర్వాత తన పెట్టె తెరిచింది. లోపల చిన్న చిన్న పల్చటి పొట్లాలు, ఒక్కోదాని మీద బేలు నంబరు. ఒక్కొక్కటి తీసి బల్ల మీద వరసగా పెట్టింది. వెంట్రుకలు. కోడి ఈక. బీడీ ముక్క. నీలం రిబ్బను పోగు. తెల్ల ప్లాస్టిక్ పోగులు బోలెడు, ఇవే రంగు పట్టని గీతలు. గాజు పెంకు. ఎర్ర స్టిక్కర్ బొట్లు ఐదారు, వాటి జిగురు దగ్గరే మచ్చలు పడేది.

బొట్టు గురించి మగవాళ్లకు తెలియదు కనుక చెబుతాను. ఎండలో చెమట పట్టి ముఖం కడుక్కుంటే బొట్టు తీసి దగ్గర ఏది ఉంటే దానికి అంటిస్తాం. ఇంట్లో అద్దానికి. మిల్లులో గంపకు, జాకెట్టు చేతికి, పక్కనున్న గోడకు. తర్వాత మళ్లీ పెట్టుకోవాలనే. మరిచిపోతాం. అది గంపలోంచి పత్తిలోకి, పత్తిలోంచి బేలులోకి.

సేట్ నేర్పి పంపిన పాఠం మొదలుపెట్టాను. మీరు మహారాష్ట్ర పత్తి, గుజరాత్ పత్తి కూడా కొంటారు, బొట్టు అక్కడి ఆడవాళ్లూ పెట్టుకుంటారు, ఇవి మావని ఎట్లా చెబుతారు, నంబర్లు తారుమారైతే? పది నిమిషాలు మాట్లాడి ఉంటాను. మేఘన చెమటలు కక్కుతూ అంతా చెప్పింది. మోరి-సాన్ మొత్తం విని, పెట్టెలోంచి ఇంకో పొట్లం తీసి, విప్పి, నా వైపు తిప్పి పెట్టింది.

యూరియా సంచి చిరుగు. దాని మీద సగం చెరిగిన అచ్చు అక్షరాలు, తెలుగువి.

దేశం విడిచి వచ్చాక తెలుగు అక్షరం కంటపడడం అదే మొదటిసారి. అదీ చెత్తలో.

ఇప్పుడు వాళ్ల వంతు, ఇక కడిగేస్తారు అనుకున్నాను. మిల్లు పెద్దాయన లేచాడు. మిగతావాళ్లూ లేచారు, మోరి-సాన్ కూడా.

"మీ పత్తి మీద మేము చెప్పిన మచ్చల్లో కొన్ని మీవి కావు, మా యంత్రం నూనెవి. ముందు మీ మీద రాశాం, తర్వాత తెలిసింది. క్షమించండి" అని అందరూ నడుము దాకా వంగారు.

నేను కూర్చునే ఉన్నాను, లేవాలని కూడా తట్టలేదు. ఎవరూ అడగలేదు, నాకెట్లాగూ తెలిసేది కాదు. అయినా తమ తప్పు ముందు బల్ల మీద పెట్టారు. నేను సముద్రాలు దాటి వచ్చింది మా తప్పు ఇంకొకరి మీద పెట్టడానికి.

తర్వాత నా శాంపిళ్లు అడిగారు. మోరి-సాన్ నల్ల కాగితం పరిచి, తొడుగులు వేసుకొని, దూది గుప్పెడు తీసి రెండు బొటనవేళ్ల మధ్య లాగింది. అచ్చం రాజన్న సారు లాగినట్టే. మాట కలవదు, తిండి కలవదు, ఆ వేళ్లు మాత్రం మా వేళ్లే.

"చాలా అందమైన పత్తి. బేలు లోపల కూడా ఇట్లాగే ఉంటుందా?" అని అడిగింది. అనుమానంగా కాదు, మామూలుగా.

ఎట్లా తీశానో చెబుతానన్నాను కదా. పదిసార్లు తీసి, బాగున్నది ఉంచి, బాగా లేనిది పక్కన పడేసి, ఏరి ఏరి కట్టాను. మా యార్డులో అందరూ చేసేదే. ఇంకొకరి కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టే మనిషిని, నా బేలులోంచి మునివేళ్లతో తీశాను. అవునంటే ఆర్డరు నిలుస్తుంది, గంగుబాయి లైను నిలుస్తుంది. ఆ మాట నాలుక చివరే ఉంది. డబ్బాలో పై వరస కింద సకినాల ముక్కలు కనబడుతున్నాయి.

"ఉండదు. ఇవి ఏరి తెచ్చిన శాంపిళ్లు" అన్నాను.

మేఘన నా వైపు తిరిగింది. "కాకూ, హే సాంగూ కా?" అంది. ఇది చెప్పమంటారా అని.

"చెప్పు."

చెప్పింది. అయిపోయింది, నలభై మంది పొట్ట కొట్టాను అనుకున్నాను. మోరి-సాన్ తొడుగులు తీసి, పుస్తకం తెరిచి, ఏరకుండా తీసి ఉంటే ఏమేం ఉండేవని అడిగింది. చెప్పాను. సంచులు చిరిగి పోగులెట్లా వస్తాయో, ఆడవాళ్లు బొట్టు ఎక్కడ అంటిస్తారో, అన్నీ. అన్నీ రాసుకుంది.

చివరికి పెద్దాయన చెప్పింది ఇది. ఈ సీజనుకు సగం మాలు తీసుకుంటాం. అందులో దొరికిన ప్రతిదీ పెట్టెలో పెట్టి మీకు పంపుతాం. కోపంతో కాదు, మీకు తెలియాలి కనుక. ఆ పెట్టె చూశాక మిగతాది మాట్లాడదాం.

చూసిన, తీసిన

"కొట్లాడి రమ్మని పంపుతే ఒప్పుకొని వస్తిరా మేడం?" అని సేట్ తల పట్టుకున్నాడు. "సగం మాలుకు నలభై మందెందుకు? సరే, గీ ఒక్క సీజను చూస్త. పెట్టె మంచిగొస్తే లైను ఉంటది, లేకుంటే లేదు."

ఈ మాట ఆడవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత గార్డు సంగతి చెప్పి, మనం కూడా చెత్త కనబడగానే వేలు చూపించి గట్టిగా అనాలి, తీశాక కూడా అనాలి అన్నాను. అక్కడివాళ్లు రోజంతా మౌనంగా ఉండి పని దగ్గర నోరు తెరుస్తారు. మనం రోజంతా మాట్లాడుతూ ఉండి, చెత్త కనబడితే మాత్రం పక్కదాని గంపలోకి చప్పుడు కాకుండా తోస్తాం.

గంగుబాయి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇన్నొద్దులు సప్పుడు చేయకుండ్రి అని నువ్వే మొత్తుకుంటివి. ఇయ్యాల అర్వుండ్రి అంటున్నవు. జపాన్ల ఎండ గట్టిగున్నదా మేడం?"

మొదటి రోజు అంతా ఆటే. నేను పక్క నుంచి పోతే "గిది మేడం! చూసిన!" సేట్ వస్తే నలభై వేళ్లు ఒక్కసారి లేచాయి, "గిది సేట్! చూసిన!" 'తీసిన' అనలేదు, అదొక్కటే మర్యాద. వారం తిరిగేసరికి ఆట పనైంది. "సుతిలి పోగు! చూసిన! తీసిన!" "ఎంటిక! చూసిన! తీసిన!" షెడ్డు మొత్తం అరుపులు. ఒకరు చూడనిది పక్కవాళ్లు చూసి అరిస్తే పరువు పోతుందని పోటీ పడి చూసేవాళ్లు. జపాన్ పద్ధతి ఆదిలాబాద్ వచ్చి మా మాదిరిగా మారిపోయింది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

కష్టమొచ్చింది బొట్టు దగ్గర. షెడ్డులోకి వచ్చే ముందు స్టిక్కర్లు తీసెయ్యాలన్నాను.

"బొట్టు తీయాల్నా? నా మొగడు ఇంక బతికే ఉన్నడు మేడం! తాగి పండినా బతికే ఉన్నడు!" అని గంగుబాయి లేచింది. ఆమె వెనక అందరూ లేచారు. రెండు రోజులు పని నడవలేదు. తప్పు నాదే. పరాయి దేశం నుంచి ఒక నియమం పట్టుకొచ్చి, ఇక్కడి నుదుళ్లను అడగకుండా పెట్టాను. మూడో రోజు దారి చూపింది కూడా గంగుబాయే. "స్టిక్కర్ వద్దంటే వద్దు, కుంకుమ ఒద్దనలే గదా? మా అవ్వ ఏనాడు స్టిక్కర్ పెట్టింది?" గుమ్మం దగ్గర అద్దం, పక్కనే తడి కుంకుమ గిన్నె పెట్టాం. పొద్దున స్టిక్కర్లు తీసి అద్దానికి అంటించి, కుంకుమ పెట్టుకొని లోపలికి. సాయంత్రం ఎవరి స్టిక్కర్ వాళ్లు తీసుకొని ఇంటికి.

నేను మాత్రం నా మెరూన్ రంగు స్టిక్కర్‌తోనే తిరిగాను. నేను ఏరేదాన్ని కాదు, చూసేదాన్ని కదా.

పెట్టె

సీజను అయ్యాక పెట్టె వచ్చింది. సేట్ షెడ్డులోకే పట్టుకొచ్చి, అందరి ముందు బల్ల మీద పెట్టాడు. నలభై మంది చుట్టూ చేరారు. పెట్టె విప్పితే లోపల ఒకే ఒక్క పొట్లం.

సేట్ ఉత్తరం చదివాడు. మొత్తం బేళ్లలో ఇదొక్కటే దొరికింది, చాలా సంతోషం. ఇది ఎట్లా వచ్చిందో తెలుసుకొని రాయగలరా? అది తెలిస్తే వచ్చే సీజను నుంచి మునుపటిలాగే మొత్తం మాలు తీసుకుంటాం.

పొట్లం విప్పాడు. బొట్టు.

"ఎవలిది?" అన్నాడు. "చెప్పుండ్రి, జవాబు రాయాలె. ఎవలిదో చెప్పకుంటే నలభై మందికి నష్టం. అద్దానికి అంటియ్యకుండ లోపటికెవలొచ్చిండ్రు?"

వెనక వరసలో ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, తనదేమోనని. గంగుబాయి పొట్లం లాక్కొని వెలుతురుకు పట్టింది. ఆడవాళ్లవన్నీ ఎరుపు. ఇది మెరూన్. పొట్లం కిందికి దించి, నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఒకరి వెనక ఒకరు అందరూ తిరిగారు.

వాళ్లు ఏరి పక్కన పెట్టిన కుప్పలో ఆఖరుగా చెయ్యి పెట్టి చూసేది నేనే. మోచేతి దాకా పెట్టి, తీసి, అదే చేత్తో నుదుటి చెమట తుడుచుకొని, మళ్లీ పెట్టే మనిషి మిల్లులో ఒక్కతే.

గంగుబాయి వేలెత్తింది. "గిది బొట్టు! చూసిన!"

నాకు వాదించడం చేతకాక కాదు. మెరూన్ స్టిక్కర్లు ఊరంతా అమ్ముతారు, వాళ్ల మిల్లులోనే కలిసి ఉండొచ్చు, నంబరు తప్పై ఉండొచ్చు. మూడూ నాలుక మీదికి వచ్చాయి.

"నాదే" అన్నాను. నుదుటి మీదున్నది పీకి అరచేతిలో పెట్టుకొని, "తీసిన" అన్నాను.

కుంకుమ గిన్నె తెచ్చింది కూడా గంగుబాయే. పెడుతూ, "గింత చిన్న మాట చెప్పెతందుకు జపాన్ దాక పోవాల్నా?" అంది.

ఆ రోజే జవాబు రాశాను. బొట్టు నాది, ఏరేవాళ్లకు పెట్టిన నియమం చూసే నాకు నేను పెట్టుకోలేదు, ఇప్పుడు పెట్టుకున్నాను అని. తర్వాతి సీజను మొత్తం మాలు పోయింది. గంగుబాయి లైను అట్లాగే ఉంది. ఆ ఏడు జపాన్‌కు పంపిన శాంపిళ్లు నేను కళ్లు మూసుకొని, బేలు నడుమ నుంచి, మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశాను.

పని మానేసిన రోజు హడావుడిలో నా స్టిక్కర్ అద్దం మీదే మరిచిపోయాను. మొన్న గంగుబాయి ఫోన్ చేసి మందులు వేసుకుంటున్నావా అని అడిగి, అది ఇంకా అక్కడే ఉందని చెప్పింది. కొత్తగా చేరిన ప్రతి పిల్లనూ మొదటి రోజు ఆ అద్దం ముందు నిలబెట్టి వేలు చూపిస్తారట, "గిది మోచేతి మేడం బొట్టు! చూసిన!" అని.

'తీసిన' మాత్రం అనరట.